గుమ్మానికి కట్టిన బొమ్మ

"దాన్ని దింపించండి."

"మళ్లీ మొదలా? ఇప్పుడు దింపితే ఎందుకు దింపారని అడుగుతుంది ఆ పిల్ల. అప్పుడేం చెప్తావ్?"

"దింపకపోతే ఎందుకు కట్టారని అడుగుతుంది. అప్పుడు మీరేం చెప్తారు?"

"నిన్న అడిగింది. చెప్పావు. ఇంక అడగదులే."

యజ్ఞనారాయణ ఆ మాట అనేసి టోస్టు మీద మాగాయ పులుముకోవడంలో పడ్డాడు. ఆస్పత్రి డ్యూటీ పట్టీలో పేరు లేని శనివారం ఆయన టిఫిను తీరుబడిగా సాగుతుంది. ఇవాళ మాత్రం టోస్టు కొరికి పళ్లెంలో పెడుతున్నాడు, మళ్లీ తీస్తున్నాడు.

వైదేహి సింకు దగ్గర తడిచేతులతో నిలబడిపోయింది. ఆయన అన్నది నిజమే. నిన్న చెప్పింది తనే.

నిన్న సాయంత్రం తెలుగు సమితి హాలు ముందు కారు దిగగానే ఆమె కళ్లు గుమ్మం పైకి వెళ్లాయి. తమ ఇంట్లో ఉంటున్న కార్లీన్ వేసిన పెద్ద బొమ్మ, లోపల వేదిక మీద ఉండవలసింది, బయట సింహద్వారం పైన ఉంది. కార్లీన్‌ని పెంచి పెద్దచేసిన అమ్మమ్మ, మిస్ అడీనా, ఆదివారం చర్చిలో పాట అందుకున్న క్షణం అది. పోయిన చలికాలంలో కన్నుమూసిన మనిషి. బొమ్మలో నోరు పూర్తిగా తెరిచి ఉంటుంది. కళ్లు ఇంతింత పెద్దవి. నలుపు మీద నీలం, నీలం మీద మళ్లీ నలుపు, పొర మీద పొర పూసుకుంటూ వేసవంతా వేసిన ముఖం. ఆ ముఖం కింద నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ వేలాడుతోంది. పక్కన ఉట్టిలో బూడిదగుమ్మడికాయ. గడప దగ్గర కొట్టిన కొబ్బరిచిప్పలు.

తెలుగువాళ్లకి విడమరిచి చెప్పాలా? కొత్తింటికి కట్టే దిష్టిబొమ్మ.

కార్లీన్‌కి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పిల్ల తలెత్తి చూసి, చూసి, భోరున ఏడ్చింది. అదీ సంతోషంతో.

"ముందు గుమ్మం మీదే పెట్టారు ఆంటీ! మా గ్రాన్ ఈ లీడ్స్‌లో ముప్పాతిక జీవితం వెనక తలుపుల్లోంచే వెళ్లింది. ఆస్పత్రి లాండ్రీకి వెనక తలుపు. పెద్దవాళ్ల ఇళ్లలో పనికి వెనక తలుపు. ఇక్కడ చూడండి, అందరూ ఆవిడ కిందనుంచే లోపలికి వెళ్లాలి." అమ్మమ్మని గ్రాన్ అనడం వాళ్ల అలవాటు. ఏడుస్తూనే నవ్వి అడిగింది. "ఆ కాయలేంటి?"

"మా ఆచారం. శుభం కోసం కడతాం," అన్నది వైదేహి.

నోరు దానంతటదే పలికింది. తర్వాత ఎంత నాలిక కరుచుకుంటే ఏం లాభం? రాత్రంతా ఆ మాటే చెవిలో జోరీగలాగా తిరిగింది.

ఈ కార్లీన్ కిందటి వేసవి నుంచి వాళ్లింట్లోనే ఉంటోంది. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే చాపెల్‌టౌన్ పేటలో ఓపెన్ వాల్ అని ఒక చిన్న సంఘం. గ్యాలరీల వాళ్లకి నల్లజాతి చిత్రకారులు అక్టోబరు నెలలో గుర్తొస్తారు, అది నల్లవాళ్ల చరిత్ర మాసం కనుక. నవంబరు పుట్టగానే గోడలు ఖాళీ లేవంటారు. అందుకని ఈ సంఘం వాళ్లు గ్యాలరీలని బతిమాలడం మానేసి, ఇళ్లలో గదులు అడగడం మొదలుపెట్టారు. చోటున్నవాళ్ల ఇంట్లో ఒక చిత్రకారుడు కొన్ని నెలలుండి బొమ్మలు వేసుకుంటాడు. ఆఖర్న వాటిని ఆ పేటలోనే, ఏ లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో ప్రదర్శనకి పెడతారు. వాళ్లు దాన్ని రెసిడెన్సీ అంటారు. మన తాతల నాడు వారాలు చేసుకుని చదువుకున్న పిల్లలు ఉండేవారు కదా, ఇది వారాలు చేసుకుని బొమ్మలు వేసుకోవడం.

వైదేహి విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్ చదివింది. పెళ్లయి లీడ్స్ వచ్చాక ఆమె బ్రష్షు పట్టింది సమితి ముగ్గుల పోటీకి పోస్టర్లు రాయడానికే. ఓపెన్ వాల్ వాళ్లు అడగ్గానే గ్యారేజీ ఇచ్చేసింది. కారు వానలో నిలబడాల్సి వచ్చినందుకు యజ్ఞనారాయణ కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు. తర్వాత ఆయనకీ ఆ పిల్లంటే అభిమానం పుట్టింది. అది చెప్పకపోతే అన్యాయం. తెల్లవారుజామునే బేకరీలో పనికి వెళ్లొచ్చే పిల్ల కోసం హీటరు కొని గ్యారేజీలో పెట్టింది ఆయనే.

ప్రదర్శనకి సమితి హాలు అడిగింది మాత్రం వైదేహి. కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. ఇవాళ మధ్యాహ్నమే ప్రారంభం.

"హాజ్ ఎనీబడీ టోల్డ్ హర్?"

మెట్ల మీద మాయ. పదహారేళ్ల పిల్ల, జుట్టు కూడా దువ్వుకోలేదు. నిన్న వాళ్లతో పాటు అదీ హాలుకి వచ్చింది. అన్నీ చూసింది.

"తెలుగులో మాట్లాడు," అన్నాడు తండ్రి, అలవాటు కొద్దీ.

"తెలుగులోనా? ఓకే." మాయ రెండు మెట్లు దిగింది. "దిష్టిబొమ్మ."

ఆ ఇంట్లో ఆ పిల్ల నోటివెంట తెలుగు మాట విని ఎన్నాళ్లయిందో.  గోడ అవతల గ్యారేజీలో కార్లీన్ ఏదో పాట పాడుకుంటూ బొమ్మలకి బ్రౌన్ పేపరు చుడుతోంది. టేపు చించుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మెల్లిగా," అన్నాడు యజ్ఞనారాయణ.

"వై? షి డజన్ట్ నో తెలుగు. దట్స్ హౌ యూ గాట్ అవే విత్ ఇట్."

"మాయా, నేను చెప్తాను," అన్నది వైదేహి. "నువ్వు చెప్పకు. తెచ్చి పెట్టుకున్నది నేను. నేనే చెప్పాలి."

"వెన్?"

"తలుపులు తెరిచేలోపల."

"ప్రామిస్?"

వైదేహి చేతులు తుడుచుకోకుండానే కూతురి చేతిలో చెయ్యి వేసింది. యజ్ఞనారాయణ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"బాగానే ఉంది తల్లీకూతుళ్ల ఒప్పందం. సమితి పరువు ఏం కావాలి? నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

 ఆయన టోస్టు ముక్క చెత్తబుట్టలో వేసి పైకి వెళ్లిపోయాడు.

* * *

చెప్పవలసి వస్తే బొమ్మ దింపించాక చెప్పడం నయం అనుకుంది వైదేహి. పొరపాటు జరిగింది, సర్దేశాం అనవచ్చు. అందుకని ఒక్కతే ముందుగా హాలుకి బయల్దేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా పట్టుకోకుండా ఉండగలమా?

సన్నగా చినుకు పడుతోంది. పోర్చి ఉండబట్టి బొమ్మ తడవలేదు. మిస్ అడీనా నుదుటికి పైన, బొమ్మ అంచున ఎవరో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. నిన్న అది లేదు.

లోపల రత్నకుమారి కుర్చీలు వేయిస్తోంది. సమితి అధ్యక్షుడు, జీపీ డాక్టరు వెంకటసుబ్బారావు గారి భార్య. సమితిలో పులిహోర కలిపినా, పురోహితుణ్ణి పిలిచినా ఆవిడే. మనసు మంచిదే. నోరూ చెయ్యీ మాత్రం మనసుని అడిగి కదలవు.

"రా వైదేహీ! చూశావా, గుమ్మం ఎంత నిండుగా ఉందో."

"అక్కయ్యగారూ, ఆ బొమ్మ లోపల పెట్టిద్దాం."

"ఏం, వానకి పాడవుతుందా?"

"వాన గురించి కాదు. ఆవిడ కార్లీన్ అమ్మమ్మ."

"తెలుసు. మీ ఆయన చెప్పారు."

"తెలిసే కట్టారా?"

రత్నకుమారి చేతిలో కుర్చీ కింద పెట్టింది. ఆవిడ ముఖంలో దొంగతనం ఏమీ లేదు. అదే వైదేహిని మరింత భయపెట్టింది.

"ఈ హాలు కొన్నప్పటి నుంచీ ఏం కలిసొచ్చిందో నువ్వే చెప్పు. బాయిలరు పేలిపోయింది. విజయభాస్కర్ గారి కారు మన గేటు దగ్గరే నుజ్జునుజ్జయింది. పిల్లాడు అఖిల్ చూడు, ఆడుతూ ఆడుతూ మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎన్ని కళ్లు పడ్డాయో ఈ హాలు మీద! దిష్టిబొమ్మ కట్టాలమ్మా అంటే ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో మా చెల్లెలు షాపుషాపూ తిరిగింది. లేదన్నారు. నిన్న వ్యాన్లోంచి ఆ బొమ్మ దించుతుంటే నా ఒళ్లు జలదరించింది. అమ్మవారే పంపించింది అనుకున్నాను."

"ఆవిడ మనిషి అక్కయ్యగారూ."

"మనిషి కాదని నేనన్నానా?"

"నోటితో అనలేదు. గుమ్మానికి కట్టి అన్నారు."

రత్నకుమారి ముఖం ఎర్రబడింది. "నోరు జాగ్రత్త వైదేహీ. నేను తలస్నానం చేసి, పసుపూ కుంకుమా పెట్టి, దణ్ణం పెట్టుకుని కట్టించాను. ఆ లాండ్రీ ముసలావిడకి ఈ ఊళ్లో ఎవరు దణ్ణం పెట్టారు? నువ్వు పెట్టావా? బొమ్మ బాగుంది, రంగు బాగుంది అన్నావు. నేను చేతులెత్తి మొక్కాను."

 ఆ మాటలో నిజం ఉంది, పులిహోరలో రాయిలాగా. ఉన్నంత మాత్రాన మింగలేం.

"మీరు మొక్కింది ఆవిడకి కాదు. ఆ నలుపుకి మొక్కారు. ఆ నలుపు చూసి ఎవడైనా దడుచుకుంటాడని."

"అందులో తప్పేముంది? అలా అనుకుంటే మన కాళికాదేవి మాత్రం తెల్లగా ఉంటుందా?" రత్నకుమారి గొంతు తగ్గించింది. "నలుపంటే నాకేం చిన్నచూపు లేదమ్మా. మీ మాయ విషయంలో కూడా నేను ఎప్పుడూ అదే అంటాను. చదువుంది, కళ ఉంది, రంగుదేముంది ఈ రోజుల్లో అని. అవునా కాదా?"

అవును. ప్రతి పండక్కీ అంటుంది. పిల్ల వింటుండగా, ఓదార్పుగా. వైదేహి ప్రతిసారీ నవ్వి ఊరుకుంటుంది. పిల్ల చిన్నప్పుడు ఇంటికొచ్చి దానికి శనగపిండి నలుగు కూడా పెట్టింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తుకు రావడం ఆమెకి ఎంతమాత్రం ఇష్టం లేకపోయింది.

మాటలు విని వెంకటసుబ్బారావు గారు వేదిక మీదనుంచి దిగి వచ్చారు. చేతిలో మైకు వైరు.

"ఏంటి చెల్లెమ్మా గొడవ? కౌన్సిలర్ వస్తోంది. మన కారుపార్కు అనుమతి ఆవిడ చేతిలో ఉంది. నల్లవాళ్ల ప్రదర్శన పెట్టారని ఎంత మెచ్చుకుందో ఫోన్లో! ఈ ఒక్కరోజు గడవనీ. రేపు నేనే దింపిస్తాను."

"కట్టిన దిష్టిబొమ్మ మర్నాడే దింపుతారా? వంశనాశనం!" అన్నది రత్నకుమారి.

"నువ్వాగు. సరే, మెల్లిగా దింపిద్దాం. ఆ పిల్లకి ఎలాగూ తెలియదు కదమ్మా."

"తెలియదని మీరంతా కలిసి ఆడుకున్నారా అన్నయ్యగారూ?"

"ఆడుకోవడమేంటి? మీ ఇంటి మనిషిని అడక్కుండా చేశామా? యజ్ఞనారాయణతో ఒక మాట అనుకునే కట్టాం. నేను పైకెక్కితే నిచ్చెన పట్టుకున్నది ఆయనే."

వైదేహి పక్కనున్న కుర్చీలో కూర్చుంది. రత్నకుమారి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగింది కూడా.

* * *

యజ్ఞనారాయణ కారు గేట్లోకి వచ్చేసరికి హాలు ముందు జనం చేరుతున్నారు. చాపెల్‌టౌన్ చర్చి నుంచి కార్లీన్ పెద్దమ్మా, ఆవిడ స్నేహితురాళ్లూ పెద్ద పెద్ద టోపీలు పెట్టుకుని వచ్చారు. బొమ్మ కింద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకావిడ దండలోని నిమ్మకాయని వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అందరూ నవ్వారు. పట్టుచీరల్లో ఉన్న సమితి ఆడవాళ్లు ఇటువైపు గుమికూడి, వాళ్లూ నవ్వారు. ఒకే గుమ్మం ముందు రెండు నవ్వులు, దేనికదే.

కార్లీన్ కారు దిగి పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తింది. మాయ బ్రౌన్ పేపరు చుట్టిన ఒక బొమ్మ పట్టుకుని వెనకే దిగింది. దిగి తల్లివైపు చూసింది. వైదేహి తల అడ్డంగా ఆడించింది. మాయ చూపు తిప్పేసుకుంది.

వైదేహి భర్తని కారు వెనక్కి పిలిచింది.

"నిచ్చెన పట్టుకున్నారట."

"పట్టుకోకపోతే ఆయన పడిపోడూ?"

"హాస్యమా?"

యజ్ఞనారాయణ తాళంచెవి అటూ ఇటూ తిప్పాడు. "అందరూ పట్టుబట్టారు. వద్దంటే, మీ ఆవిడకి తోడు నువ్వూ నల్లవాళ్ల సంఘంలో చేరావా అన్నారు. అంతమందిలో ఏమనను?"

"మీరూ నవ్వారా?"

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నవ్వారా అని అడుగుతున్నాను."

"నవ్వాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయితే ఏంటిప్పుడు? ఉరి తీస్తావా?" గొంతు పెరిగినట్టు తెలిసి మళ్లీ తగ్గించాడు. "చూడు వైదేహీ. నేను మత్తు డాక్టర్ని. మనిషికి తెలియకపోతే నొప్పి లేదు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్నది అదే. ఆ పిల్ల ముఖం చూడు. ఎంత సంతోషంగా ఉందో చూడు. ఆ సంతోషం తీసేసి నువ్వేం బాగుపడతావు? నీ మనసు తేలికపడటానికి దాని గుండె కోస్తావా?"

వైదేహి చూసింది. కార్లీన్ పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి, బొమ్మలో ఏ రంగు ఎక్కడ పడిందో వేలితో చూపిస్తోంది. నిజంగానే ఆ ముఖం వెలిగిపోతోంది. వేసవంతా గ్యారేజీలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. ఆయన మాట ఒక్క క్షణం వైదేహికి నిజమనిపించింది. ఆ క్షణం కోసం ఆమె తర్వాత తనని తాను క్షమించుకోలేదు.

"మత్తిచ్చేముందు మనిషి సంతకం తీసుకుంటారు మీరు," అన్నది చివరికి. "ఈ పిల్లని ఎవరూ అడగలేదు."

"ఆంటీ!" కార్లీన్ గట్టిగా పిలిచింది. "ఇటు రండి. మీకోసమే ఆగాం."

* * *

అందరూ గుమ్మం ముందు గుండ్రంగా నిలబడ్డారు. వైదేహి ముందుకు నడిచింది. ఇప్పుడు చెప్పాలి. పక్కకి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, మెల్లిగా. ఆమె చెయ్యి చాచేలోపల కార్లీన్ మాట్లాడటం మొదలుపెట్టింది. ఎప్పుడూ నలుగురిలో గొంతు విప్పని పిల్ల.

"ఇది నేను వారం కిందట పూర్తి చేశాను. లోపల పెడదామనుకున్నాను. నిన్న గ్రాన్‌ని ఇక్కడ చూశాక మనసు మార్చుకున్నాను. ఈ కుటుంబం నాకు చోటిచ్చింది. ఈ హాలు మా గ్రాన్‌కి గుమ్మమిచ్చింది. నేనూ ఏదో ఒకటి ఇవ్వాలి కదా?"

మాయ చేతుల్లోని బొమ్మ తీసుకుని బ్రౌన్ పేపరు చించింది.

మాయ బొమ్మ. గ్యారేజీ స్టూలు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఎవరినో నిలదీస్తున్నట్టు సూటిగా చూస్తున్న మాయ. ఆ చర్మం రంగుని ఎక్కడా పలచన చెయ్యలేదు, వెలుతురు వంకతో తేల్చలేదు. తన కూతురు ఇంత అందంగా ఉంటుందని వైదేహి అప్పుడే చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గుమ్మానికి అవతలి పక్క ఖాళీగా ఉంది," అన్నది కార్లీన్. "గ్రాన్ పక్కన మాయని పెడదాం. ఆ కాయలు కూడా కట్టండి. శుభం కదా."

పట్టుచీరల గుంపులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"అయ్యయ్యో, వద్దు!" రత్నకుమారి నోట్లోంచి ఆ మాట అడ్డూ ఆపూ లేకుండా వచ్చేసింది. "పెళ్లి కావలసిన పిల్ల! అక్కడ కట్టకూడదమ్మా, శని పట్టుకుంటుంది!"

"ఏమంటున్నారు ఆవిడ?" అని అడిగింది కార్లీన్.

 వెంకటసుబ్బారావు గారు దగ్గారు. లోపల టీ తయారుగా ఉంది, అందరూ రావచ్చు అన్నారు.

"వై నాట్, డాడ్?" మాయ తండ్రికి ఎదురుగా వచ్చింది.  "పుట్ మీ అప్ దేర్. ఇట్స్ ఫర్ శుభం, ఇజన్ట్ ఇట్?"

కార్లీన్ బొమ్మని రెండు చేతులతో పైకెత్తి, గోడకి ఆనించి, ఎత్తు సరిపోతుందా లేదా అని చూడబోయింది.

యజ్ఞనారాయణ ఒక్క అంగలో వచ్చి ఆ బొమ్మని ఆమె చేతుల్లోంచి లాగేసుకున్నాడు.

"నో! నాట్ మై డాటర్!"

ఆ మాట ఇంగ్లీషులో అన్నాడు. అక్కడున్న వాళ్లందరికీ అర్థమైంది.

కార్లీన్ ఖాళీ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. ఆయన్ని చూసింది. ఛాతీకి హత్తుకుని పట్టుకున్న మాయ బొమ్మని చూసింది. తర్వాత తలెత్తి గుమ్మం పైకి చూసింది. పసుపుని, నిమ్మకాయల్ని, బూడిదగుమ్మడికాయని, ఒక్కొక్కటే, కొత్తగా చూసింది.

"మీ కూతురు కాకూడదు," అన్నది నెమ్మదిగా. "మా గ్రాన్ కావచ్చు. ఆంటీ, ఆవిణ్ణి అక్కడ ఏమని పెట్టారు?"

ఇంక పక్కకి తీసుకెళ్లడానికి పక్క లేదు. వైదేహి చెప్పింది. అంతమందిలో, ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

"కొత్త ఇంటికి మేం ఒక ముఖం కడతాం. చూడగానే భయం వెయ్యాలి. చెడ్డకళ్లు ఇంటి మీద పడకుండా ముందు దాని మీద పడాలి. మామూలుగా రాక్షసుడి బొమ్మ కడతారు. వాళ్లకి దొరకలేదు."

పెద్దమ్మ చేతిలో కెమెరా కిందికి దిగింది. టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు గుమ్మం దగ్గర్నుంచి అడుగు వెనక్కి వేశారు. నిమ్మకాయ వాసన చూసినావిడ వేళ్లని కోటుకి తుడుచుకుంది.

"నీకెప్పుడు తెలుసు?" కార్లీన్ అడిగింది.

"నిన్న. కారు దిగగానే."

"నేను ఏడుస్తుంటే నీ చున్నీతో నా కళ్లు తుడిచావు."

"అవును."

"తుడుస్తున్నప్పుడు తెలుసు నీకు."

"తెలుసు."

కార్లీన్ అరుస్తుందని వైదేహి ఎదురుచూసింది. కొట్టినా బాగుండునని అనిపించింది. ఆ పిల్ల అరవలేదు. ముఖంలో వెలుగు మాత్రం పూర్తిగా పోయింది. ఆపరేషన్ బల్ల మీద తెలివొస్తున్న మనుషులని చూసిన యజ్ఞనారాయణ తల దించుకున్నాడు.

"నిల్చున్నారేంటి, దింపండి ముందు!" రత్నకుమారి భర్త మీద పడింది. వంశనాశనం మాట ఆవిడకి ఇప్పుడు గుర్తులేదు. "కౌన్సిలర్ వచ్చేస్తుంది. ఏవండీ, నిచ్చెన!"

వెంకటసుబ్బారావు గారు నిచ్చెన కోసం లోపలికి కదిలారు. కార్లీన్ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పక్కనే మాయ నిలబడింది.

"ఎవరూ ఆవిణ్ణి ముట్టుకోవద్దు," అన్నది కార్లీన్. "నిన్న కట్టినప్పుడు నన్నడగలేదు. విప్పేటప్పుడైనా నన్నడగాలి. ఇంకా ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారుగా? రానివ్వండి. ఆంటీ ఇప్పుడు నాకు చెప్పింది వాళ్లకీ చెప్తుంది. మైకులో చెప్తుంది. తర్వాత నేనే ఎక్కి దింపుకుంటాను." వైదేహి వైపు తిరిగింది. "చెప్తావా?"

గేట్లోకి నల్లటి కారు తిరిగింది. వెంకటసుబ్బారావు గారు చొక్కా సర్దుకుని, రెండు చేతులూ జోడించి, లేని నవ్వు తెచ్చుకుని ఎదురెళ్లారు.

యజ్ఞనారాయణ మాయ బొమ్మని ఒక చంకలో ఇరికించుకుని రెండో చేత్తో వైదేహి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటికి పోదాం పద," అన్నాడు తెలుగులో, ఆమెకి మాత్రమే వినపడేట్టు. "నువ్వు ఆ మైకు పట్టుకుంటే మనకి ఈ ఊళ్లో మనుషులుండరు. నేనూ ఉండను."

మాయ తల్లినే చూస్తోంది. కార్లీన్ ఇంక చూడటం లేదు.

ఆయన పట్టు గట్టిదేమీ కాదు. ఒక్క విదిలింపు విదిలిస్తే వదిలేస్తాడు. కారు తలుపు తెరుచుకుంది, కౌన్సిలర్ గొడుగు విప్పుకుంటూ దిగుతోంది. వైదేహి ఇంకా విదిలించుకోలేదు.